తువ్వాలు కింద

"కమీషన్ నించి వచ్చాం" అన్నారు వాళ్లు.
"ఎంత శాతం?" అంది మస్తానమ్మ.
పొదలకూరు నిమ్మకాయల యార్డులో
ఆ పొద్దు మొదటి నవ్వు అదే.
వాళ్లలో ఒక పిల్ల మాత్రం నవ్వలా,
పుస్తకంలో రాసుకొనింది.

నేను కాటా కాడ కూర్చునేవాణ్ణి.
ముప్పై రెండేళ్లుగా బరువే నా మాట.
బస్తాకి రెండు కిలోలు తరుగు,
నా మాటలో అబద్ధం ఆ రెండు కిలోలే.
ధర మాత్రం నా నోట్లోంచి ఏనాడూ రాలా.

ధర పుట్టేది తువ్వాలు కింద.
రెండు చేతులు ఎర్రగళ్ల గుడ్డలోకి పోతాయి,
వేళ్లు వేళ్లని వెతుక్కుంటాయి,
ఒక వేలు పట్టుకుంటే వంద,
గుప్పెడు పట్టుకుంటే అయిదొందలు.
పైన మొహాలు రెండూ
కండలేరులో నీళ్ల గురించి మాట్లాడుకుంటుంటాయి.

కొనేవాళ్లు ఏడుగురు, ఏడు తువ్వాళ్లు.
మొదటి గుడ్డ కింద పన్నెండొందలని తేలాక
మిగతా ఆరు గుడ్డలూ
ఊరికే చెమట తుడుచుకోడానికి.

"ఈ ఒప్పందం ఎక్కడ రాసుకున్నారు?"
ఆ పిల్ల నన్నే అడిగింది.
రాతేందమ్మా.
కోదండం టీ గ్లాసు బోర్లిస్తే
ఆ పూట ఎవరూ పైకి పాడరు.
కోదండం దగ్గితే
లూజుకి యాభై తగ్గుద్ది.
దగ్గుకి సంతకం ఎట్టా పెట్టిస్తావు?
ఇవన్నీ మనసులో అనుకున్నా.
పైకి, "కాటా సరిగ్గానే ఉంది మేడం" అన్నా.

అప్పుడు బల్ల మీద మ్యాపు పరిచారు.
మీ మార్కెట్ ఎంతవరకు, హద్దులు చూపించమన్నారు.
గూడూరు ఉంది దాన్లో, తెనాలి ఉంది,
మద్రాసు, ఆపైన ఢిల్లీ,
మధ్యలో నున్నటి నల్ల రోడ్లు.
మస్తానమ్మ గోతంలోంచి ఒక కాయ తీసి
మ్యాపు మీద పెట్టింది.
అది కాస్త దొర్లి, తాటిపర్తి పక్కనే ఆగింది.

"ఇది పచ్చగా ఉన్నంతసేపు ఎంత దూరం పోగలదో
అంతవరకే నా మార్కెట్.
పసుపెక్కిందంటే హద్దు వచ్చేసినట్టే.
గూడూరు పోతే ఆటో బాడుగ రెండింతలు,
అక్కడా ఇవే చేతులు,
గుడ్డ గళ్లే నీలం."

"వేరేవాళ్లకి అమ్మకూడదా?"
ఆమె గమ్మునుండి
కోదండం కొట్లో ఇనప్పెట్టె వైపు చూసింది.
బోరు ఎండిన ఏడు, రాత్రి పదకొండు గంటలకి,
బ్యాంకు లేని గంటకి,
తెరుచుకున్న పెట్టె అది.
నలభై వేలు లెక్కపెట్టి ఇచ్చి
ఒకే మాటన్నాడంట:
"కాయ నాకేగా?"
అదీ రాసుకోలా.
ఆ డబ్బుకి వడ్డీ లేదు,
నాలుగు కాపులుగా కాయే వడ్డీ.
వాళ్ల ఫారంలో గళ్లు చాలా ఉన్నాయి గానీ
మంచోడికీ, మెడ పట్టుకున్నోడికీ
ఒకే పేరుంటే రాసే గడి కనిపించలా.

పోయేముందు ఆ పిల్ల తిరిగొచ్చింది.
"ఒకసారి చూపించండి, వేళ్లతో ఎట్టా చెప్తారో."
నా తువ్వాలు ఉతికి వారమైంది.
అయినా దాని కింద చేయి పెట్టింది,
సిరా మరకతో చల్లటి చేయి.

ముప్పై రెండేళ్లలో మొదటిసారి
నేనొక ధర చెప్పా.
ఏడు గుడ్డలూ దండెం మీద ఆరేసి ఉంటే
ఆ పూట కాయకి పలకాల్సిన ధర.
గుప్పెడు, గుప్పెడు, గుప్పెడు, మూడు వేళ్లు.
నా కాళ్లు వణికాయి,
అవతల కోదండం గ్లాసు కడుగుతున్నాడు.

"అంటే ఎంత?" అందా పిల్ల.
నేను చేయి తీసేసుకున్నా.
ఏం రాసుకొనిందో తెలీదు.
సాక్షి అరచెయ్యి తడిగా ఉంది అని రాసుంటే
అంతకన్నా నిజం లేదు.

వాళ్ల జీపు పోయిన మర్నాడు
లూజుకి నూటయాభై పెరిగింది.
మస్తానమ్మ మనవడికి చెప్పులు కొనింది.
రెండోరోజూ అదే ధర, మూడోరోజూ అదే.

నాలుగోరోజు పొద్దున్నే
కోదండం దగ్గాడు.